బడి సందేహాలు: ఒకే గది, వేర్వేరు పిల్లలు

గత రెండు నెలల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. తరగతిలో పిల్లలు ఒకేలా లేరు, పాఠం మాత్రం ఒక్కటే ఉంది, ఏం చేయాలి? వాటిలోంచి ఆరింటిని ఎంచి, రాసినవారి పేర్లూ ఊళ్లూ తీసేసి ఇక్కడ ఇస్తున్నాను. నేను చెప్పేవన్నీ ప్రాథమిక పాఠశాలల్లోనూ, ఆ తర్వాత ఉపాధ్యాయ శిక్షణలోనూ ముప్పై ఏళ్లు పనిచేసి నేర్చుకున్నవే.

ప్రశ్న: మాస్టారూ, ఆదిలాబాద్ ఏజెన్సీలోని ఒక గూడెం బడిలో ఎస్‌జీటీగా (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయురాలిగా) చేరి ఐదు నెలలైంది. ఒకటి, రెండు తరగతుల్లో 14 మంది ఉన్నారు. అందరూ ఇంట్లో గోండి మాట్లాడేవాళ్లే. ఏది అడిగినా తల దించుకుంటారు, లేదంటే నేను అన్న మాటనే తిరిగి అంటారు. గంట కొట్టగానే బయట గలగలా మాట్లాడుకుంటారు. వీళ్లకు తెలుగు ఎలా నేర్పాలి? — ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలోని చివరి వాక్యం కంటే దాని ముందున్న వాక్యం నాకు ముఖ్యంగా కనిపించింది. బయట గలగలా మాట్లాడే పిల్లలకు మాట రాదని అనలేం. వాళ్లకున్న మాటకు గదిలో చోటు లేదు, అంతే. కొత్త భాష వింటున్న పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు, నోరు మెదపకుండా వింటూనే నేర్చుకుంటారు కనుక ఆ మౌనాన్ని మొద్దుతనం కింద లెక్కకట్టవద్దు. ఈ దశలో ‘చెప్పు, చెప్పు’ అని నిలబెట్టి అడగడం వల్ల నష్టమే ఎక్కువ. ‘తలుపు మూయి’, ‘ఎర్ర బలపం తీసుకురా’, ‘బొమ్మలో కుక్కను చూపించు’ వంటి మాటలకు చేతితో జవాబిచ్చే అవకాశం ఇవ్వండి. అర్థమైందో లేదో మీకు తెలుస్తుంది, పిల్లలకు అవమానం ఉండదు.

రెండవ పని, మీరు నేర్చుకోవలసినది. ఒక నోటుపుస్తకం పెట్టుకుని రోజుకు మూడు గోండి మాటలు పిల్లలనే అడిగి తెలుగు లిపిలో రాసుకోండి. నీళ్లు యేర్, ఇల్లు రోన్, చెయ్యి కై. ఊరు మారితే ఉచ్చారణ కొంత మారుతుంది కాబట్టి మీ గూడెం పిల్లలు అన్నదే సరైనదిగా తీసుకోండి. కై, చెయ్యి రెండూ ఒకే ద్రావిడ మూలం నుంచి వచ్చిన మాటలు. ఈ దగ్గరితనం మీకు ఎంతో ఉపకరిస్తుంది. నేను ఏజెన్సీలో ఉన్నప్పుడు ఒక అమ్మాయి మూడు నెలలపాటు ఒక్క మాటైనా పలకలేదు. ఒకరోజు చింతగింజలు లెక్కపెడుతూ నేను ‘ఉండి, రండ్, నాలుంగ్’ అన్నాను. ఆ పిల్ల ఒక్కసారిగా లేచి, నా వేలు పట్టుకుని, మూడో గింజ మీద పెట్టి ‘మూండ్!’ అంది. ఆ గదిలో ఆమె అన్న మొదటి మాట అదే, అదీ నాకు నేర్పడానికి అన్న మాట. మరునాడు అవే గింజలను తనంతట తానే తెలుగులో లెక్కపెట్టింది.

కథల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. వాక్యం తెలుగులో చెప్పి, వెంటనే గోండిలోకి మార్పించే పద్ధతి పెట్టుకోవద్దు, ఎందుకంటే పిల్లలు తెలుగు వాక్యాన్ని వదిలేసి దాని వెనుక రాబోయే గోండి వాక్యం కోసమే ఎదురుచూడడానికి అలవాటుపడతారు. దానికి బదులు మొదటిరోజు గూడెంలోని పెద్దవారితో గాని, అంగన్‌వాడీ ఆయాతో గాని, ఐదో తరగతి పిల్లతో గాని కథ మొత్తం గోండిలో చెప్పించండి. రెండో రోజు అవే బొమ్మలు చూపిస్తూ అదే కథను మీరు తెలుగులో చెప్పండి. కథ ముందే తెలుసు కనుక పిల్లల ధ్యాసంతా మాటల మీదికి వస్తుంది. అక్షరాలు మొదలుపెట్టినప్పుడు వాళ్ల మాటల్లో వినిపించే ధ్వనులున్న అక్షరాలతోనే మొదలుపెట్టండి. ఖ, ఘ, ఛ, ఝ వంటి మహాప్రాణాలను తెలుగు ఇళ్ల పిల్లలే సరిగా పలకరు, వాటిని వెనక్కి జరిపినా ఏ నష్టమూ లేదు.

ఇదంతా మీ సొంత ప్రయోగమని ఎవరైనా ఆక్షేపిస్తే చెప్పడానికి ఆధారాలున్నాయి. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన ఏర్పాట్లు చేయాలన్న 350ఎ అధికరణం 1956లోనే రాజ్యాంగంలో చేరింది. విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించమంటుంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనే, మార్లవాయిలో, 1943లో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం నడిచింది. ఉమ్మడి రాష్ట్రం 2004లో గోండి, కోయ, కొలామి, సవర, కువి వంటి ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. అప్పటి వాచకాలు మీ మండలంలో ఏ పాత బీరువాలోనైనా ఉంటే వెతికి బయటికి తీయండి.

ప్రశ్న: మా మూడో తరగతిలో వినికిడి యంత్రం పెట్టుకున్న బాబు చేరాడు. ముందు వరుసలో కూర్చోబెట్టాను. ఇంకేం చేయాలి? — ఒక ఉపాధ్యాయుడు, తూర్పు గోదావరి

జవాబు: ముందు వరుస మధ్యలో కాకుండా, ఒక పక్కగా, రెండో వరుసలో కూర్చోబెట్టి చూడండి. అక్కడినుంచి మీ ముఖమే కాక, మాట్లాడే పిల్లల ముఖాలు కూడా అతడికి కనిపిస్తాయి. కిటికీకి వీపు పెట్టి నిలబడవద్దు, అప్పుడు మీ ముఖం నీడలో పడి పెదవులు కనిపించవు. నల్లబల్ల మీద రాస్తూ మాట్లాడే అలవాటు మనందరిదీ. రాయడం ముగించి, ఇటు తిరిగి, అప్పుడు మాట్లాడండి. గట్టిగా అరిస్తే మేలని అనుకోకండి, అరుపులో పెదవుల కదలిక వంకరపోతుంది, యంత్రంలో శబ్దం చిట్లుతుంది.

పెదవులు చూసి అన్నీ గ్రహిస్తాడని కూడా అనుకోవద్దు. అద్దం ముందు నిలబడి గొంతు లేకుండా ‘పాట, బాట, మాట’ అనండి. మూడూ ఒక్కలాగే ఉంటాయి. అందుకే పాఠంలోని కొత్త మాటలను ముందే బల్ల మీద ఒక మూల రాసి, చెప్పేటప్పుడు వేలితో చూపించాలి. ఎవరైనా జవాబు చెప్పేముందు వారి పేరు పిలిస్తే బాబు అటు తిరుగుతాడు. పొద్దున్నే యంత్రం పనిచేస్తున్నదో లేదో చూడడం హాజరు వేయడంలో భాగం చేసుకోండి. బ్యాటరీ అయిపోయిన సంగతి ఆ వయసు పిల్లలు తమంతట తాము చెప్పరు.

ప్రశ్న: మా అబ్బాయి నాలుగో తరగతి. కథ ఒక్కసారి వింటే పొల్లుపోకుండా చెబుతాడు, కొట్లో చిల్లర లెక్క తప్పడు. పుస్తకం ఇస్తే మాత్రం నాలుగు వరుసలు చదవలేడు. బడిలో బద్ధకస్తుడంటున్నారు, ఇంట్లో వాళ్ల నాన్న కొడుతున్నారు. వీడికి ఏమైంది మాస్టారూ, టీచరుగారిని ఏమని అడగాలి? — ఒక తల్లి, కరీంనగర్ జిల్లా

జవాబు: అమ్మా, మొట్టమొదట ఇంట్లో కొట్టడం ఆగాలి. మీవారికి ఈ పేజీ చదివి వినిపించండి. విన్న కథను పొల్లుపోకుండా చెప్పగలిగిన పిల్లవాడు బద్ధకస్తుడూ కాడు, తెలివితక్కువవాడూ కాడు. చదవడంలో మాత్రమే కనిపించే ఇటువంటి ఇబ్బందిని డిస్‌లెక్సియా అంటారు. మీ అబ్బాయికి ఉన్నది అదేనని ఉత్తరం చూసి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ముందు కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించండి. తర్వాత ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రంలో ఉండే ప్రత్యేక ఉపాధ్యాయులైన ఐఈఆర్‌పీలను కలవండి, అక్కడినుంచి నిపుణుల పరీక్షకు దారి చూపుతారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి, డిస్‌లెక్సియా దాని కిందికే వస్తుంది. ధ్రువపత్రం ఉంటే రేపు పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి దొరుకుతారు కాబట్టి ఈ పనిని పదో తరగతి దాకా వాయిదా వేయకండి.

ఇక టీచరుగారి కోసం రాస్తున్నాను, ఈ భాగాన్ని వారికి చూపించండి.

తెలుగు అక్షరం చదవడానికి పైకి కనిపించేంత సులువు కాదు. ‘క్రికెట్’ అన్న మాటలో గుడి ‘క’ నెత్తిన ఉంటుంది, ‘ర’ కింద వత్తుగా ఉంటుంది, కాని నోటికి ‘ఇ’ ధ్వని ‘ర’ తర్వాత రావాలి. కన్ను ముందు ‘కి’ని చూస్తుంది, తర్వాత ‘ర’ను చూస్తుంది, పిల్లవాడు ‘కిరకెట్’ అంటాడు. ‘చెట్టు’ను ‘చెటుట’ అని, ‘విద్య’ను ‘విదయ’ అని, ‘ప్రేమ’ను ‘పేరమ’ అని చదివే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. ఇవి నిర్లక్ష్యపు తప్పులు కావు. కంటికి కనిపించిన వరుసనే నమ్మకంగా అనుసరించిన తప్పులు. వీటిని ఒక వారంపాటు ఒక కాగితం మీద రాసుకోండి. ఏ రకం తప్పు ఎన్నిసార్లు వచ్చిందో చూస్తే ఏం నేర్పాలో ఆ కాగితమే చెబుతుంది.

వత్తులకు నేను చేసిన పని ఇది. అట్టముక్కల మీద ‘క్’, ‘రి’ వేరువేరుగా రాసి, రెండింటినీ పలికించి, దగ్గరికి జరిపి, అప్పుడు ‘క్రి’ రాసిన మూడో అట్టను పక్కన పెట్టేవాణ్ని. ముందు ‘గ్గ’, ‘ట్ట’, ‘డ్డ’ లాగా అక్షరాన్ని పోలిన వత్తులతో మొదలుపెట్టి, రూపం మారిపోయే త, న, మ, య, ర, ల వత్తులను తర్వాత, రోజుకొకటి చొప్పున తీసుకోవాలి. చూడడానికి దగ్గరగా ఉండే మ, య గాని, ప, ష, వ గాని ఒకే రోజు నేర్పకూడదు. ఒకటి గట్టిపడిన తర్వాతనే దాని జంట రావాలి. గుణింతం పాటలా అప్పజెప్పించుకుని తృప్తిపడవద్దు, ఎందుకంటే ‘క కా కి కీ’ అని గడగడా చెప్పే పిల్లలను మధ్యలో ఆపి ‘కె’ ఏదో చూపించమంటే మొదటినుంచి పాడుకుంటూ వస్తారు. వరుస చెరిపి, చిందరవందరగా ఉన్న అట్టల్లోంచి వెతికించాలి. మన వీధిబడుల్లో ఇసుక పరిచి వేలితో దిద్దించేవారు. ఆ పద్ధతిలో కన్ను, చెవి, వేలు మూడూ కలిసి పనిచేస్తాయి. నాలుగో తరగతి పిల్లవాడికైనా సరే, చిన్నతనంగా అనిపించకుండా ఏకాంతంలో చేయించండి.

గదిలో మార్చవలసినవి మరికొన్ని ఉన్నాయి. అందరి ముందు నిలబెట్టి చదివించవద్దు, మీ బల్ల దగ్గర మీకొక్కరికే చదివి వినిపించనివ్వండి. వరుస తప్పిపోకుండా చదివే వరుస కింద అట్టముక్క పెట్టుకోనివ్వండి. నల్లబల్ల మీదిది ఎక్కించుకోలేకపోతే అదే విషయం రాసిన కాగితం అతడి ముందు పెట్టండి. డిక్టేషన్‌లో ఇరవై మాటలకు బదులు ఐదు చాలు, ఆ ఐదూ ఒకే రకం వత్తుకు చెందినవైతే మంచిది. పరిసరాల విజ్ఞానం పాఠం అతడికి వచ్చిందో లేదో నోటితో అడగండి. అక్కడ మీరు పరీక్షించవలసింది విజ్ఞానాన్ని, చదివే వేగాన్ని కాదు. అక్షరాలు తిరగేసి రాయడం ఒక్కటే చూసి డిస్‌లెక్సియా అని ముద్ర వేయవద్దు, ఒకటి రెండు తరగతుల్లో చాలామంది పిల్లలు అలా రాస్తారు. ‘బద్ధకస్తుడు’ అని పదిమంది ముందు పిలవడం మానసిక వేధింపే. దానిని విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బలతో పాటే నిషేధించింది.

అమ్మా, ఇంట్లో రోజుకు పది నిమిషాలు చాలు. మీరొక వరుస చదవండి, అదే వరుస వాడు చదవాలి. మిగిలిన సమయంలో వాడిని కొట్లో చిల్లర లెక్క చూడనివ్వండి.

ప్రశ్న: మాది ఏకోపాధ్యాయ పాఠశాల. ఐదు తరగతులు, 23 మంది. ఒక తరగతికి చెబుతుంటే మిగతా నాలుగు అల్లరి. ఐదో తరగతిలో అక్షరాలు రానివాళ్లున్నారు, రెండో తరగతిలో కథ చదివేవాళ్లున్నారు. సిలబస్ ఎలా పూర్తిచేయాలి? — ఒక ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

జవాబు: అయ్యా, 60 మంది లోపు ఉన్న ప్రాథమిక పాఠశాలకైనా ఇద్దరు ఉపాధ్యాయులుండాలని విద్యా హక్కు చట్టం చెబుతున్నది. ఆ రెండో పోస్టు కోసం మండల విద్యాధికారి (ఎంఈవో) గారికి రాతపూర్వకంగా అడగడం మానకండి. అది వచ్చేదాకా చేయవలసినది చెబుతాను.

మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. ఐదో తరగతివారికి అక్షరాలు రాకపోతే, రెండో తరగతివారు కథ చదివితే, రోజులో కనీసం రెండు గంటలు తరగతి అనే గోడను తీసేయాలి. ఒక్కొక్కరినీ పిలిచి ఐదు నిమిషాలు అక్షరాలు, మాటలు, నాలుగు వాక్యాల పేరా, చిన్న కథ చదివించి చూడండి. రెండు రోజుల్లో 23 మందీ పూర్తవుతారు. అక్షరాల దగ్గర ఉన్నవారు, మాటల దగ్గర ఉన్నవారు, చదవగలిగినవారు అని మూడు జట్లు చేయండి. పెద్దపిల్లలు చిన్నపిల్లలతో కూర్చోవడానికి సిగ్గుపడతారు కనుక జట్లకు పువ్వుల పేర్లో, నదుల పేర్లో పెట్టి, నెలకోసారి తిరిగి పరీక్షించి, ముందుకు వెళ్లినవారిని ఆ రోజే కొత్త జట్టులోకి మార్చండి. జట్టు మారదని తెలిస్తే అది కొత్త పేరుతో వచ్చిన పాత వెనుకబెంచీ అవుతుంది.

అరగంటకు ఒక జట్టు మీ దగ్గర, ఒక జట్టు తమంతట తాము చేసుకునే పనిలో, ఒక జట్టు జంటలుగా ఉండాలి. అల్లరి వచ్చేది ఆ రెండో జట్టు నుంచే. పని ఏమిటో పిల్లలకు తెలియకపోతే, లేదా అది పది నిమిషాల్లో అయిపోతే అల్లరి తప్పదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లె బడుల కోసం ఈ చిక్కునే విప్పింది. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు ఒక కార్డు చేసి, గోడ మీద నిచ్చెన బొమ్మ పెట్టారు. పిల్లలు తాము ఏ మెట్టు మీదున్నారో తామే చూసుకుని కార్డు తీసుకుంటారు. కర్ణాటకలో ‘నలి కలి’ అనే బోధనా పద్ధతి, తమిళనాడు బడుల్లో వచ్చిన కృత్యాధార బోధన ఈ ఆలోచన నుంచే పెరిగాయి. మీరు రేపే వెయ్యి కార్డులు చేయనక్కరలేదు, తెలుగుకు 20, లెక్కలకు 20 పాత క్యాలెండర్ అట్టల మీద చేసి మొదలుపెట్టండి.

పరిసరాల విజ్ఞానం మాత్రం అందరికీ కలిపే చెప్పండి. బావి దగ్గరికి తీసుకెళితే ఒకటో తరగతివారు చేద బొమ్మ గీస్తారు, మూడో తరగతివారు నీళ్లతో చేసే పనుల పట్టిక రాస్తారు, ఐదో తరగతివారు తాడు కొలిచి లోతు చెబుతారు. సిలబస్ సంగతి నాకు తెలియనిది కాదు. కాని అక్షరాలు రాని పిల్లవాడి ముందు ఐదో తరగతి వాచకం చివరి పేజీ దాకా తిప్పితే పూర్తయ్యేది పుస్తకమే. ఒక హెచ్చరిక కూడా. ఐదో తరగతి అమ్మాయికి చిన్నపిల్లలను అప్పజెప్పి రోజంతా వదిలేయకండి. ఇరవై నిమిషాలు నేర్పితే ఆమెకూ లాభమే, రెండు గంటలైతే ఆమె చదువు పోతుంది.

ప్రశ్న: చురుకైన నలుగురు లెక్కలు ముందే ముగించి పక్కవాళ్లను విసిగిస్తున్నారు. అదనంగా లెక్కలిస్తే ‘మాకే ఎందుకు’ అంటున్నారు. — ఒక ఉపాధ్యాయురాలు, గుంటూరు

జవాబు: వాళ్లు అడిగింది న్యాయమే. త్వరగా పనిచేసినందుకు అదే పని మరికొంత ఇవ్వడం శిక్షలా ఉంటుంది. లెక్క సంఖ్య పెంచకుండా లోతు పెంచండి. ‘జవాబు 36 వచ్చేలా మూడు కథా లెక్కలు నువ్వే తయారుచెయ్యి, ఒకదానిలో తీసివేత ఉండాలి’ అనండి. లేదా తప్పుగా చేసిన లెక్క ఒకటి ఇచ్చి, చేసినవారు ఎక్కడ, ఏమనుకుని పొరబడ్డారో రాయమనండి. వాళ్లు తయారుచేసిన లెక్కలను మరునాడు తరగతి అంతా చేస్తే, పక్కవాళ్లను విసిగించడానికి తీరిక ఉండదు.

ప్రశ్న: మా ఊరి ఇటుక బట్టీలకు డిసెంబరులో ఒడిశా కుటుంబాలు వచ్చాయి. పదిమంది పిల్లలను బడికి తెచ్చాం. టీసీలు లేవు, తెలుగు రాదు, జూన్ నాటికి వెళ్లిపోతారు. ఇంత తక్కువ కాలానికి ఏం చేయగలం? — ఒక ప్రధానోపాధ్యాయుడు, పెద్దపల్లి జిల్లా

జవాబు: టీసీ లేదని గాని, వయసు ధ్రువపత్రం లేదని గాని చేర్చుకోకుండా ఉండకూడదు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకుని, వెనుకబడిన భాగానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని విద్యా హక్కు చట్టంలోని 4వ సెక్షన్ చెబుతుంది. కాగితాలు అక్కడితో ముగిశాయి.

మొదటి వారం లెక్కలతో మొదలుపెట్టండి. కూడికకు భాష అంతగా అవసరం లేదు, పైగా బట్టీ దగ్గర ఇటుకల లెక్క రోజూ చూసే పిల్లలకు వందలు, వేలు కొత్త కావు. ఒడియా అంకెలు మన పుస్తకాల్లోని అంకెల కంటే వేరుగా ఉంటాయి కాబట్టి, తప్పు పెట్టేముందు పిల్లవాడు ఏ అంకె రాశాడో అడిగి చూడండి. ఒడియాలో చదవడం వచ్చినవారుంటే ఆ చదువు జారిపోనివ్వకండి. ఒడిశా నుంచి ఒడియా పుస్తకాలు తెప్పించి బట్టీల దగ్గర బడులు నడిపిన సందర్భాలు మన రాష్ట్రంలో ఉన్నాయి, జిల్లా విద్యాశాఖను అడగండి. పదిమందినీ ఒకే మూల కూర్చోబెట్టవద్దు. అలాగని విడివిడిగా వేసి ఒంటరివాళ్లను చేయవద్దు. ఇద్దరు ఒడియా పిల్లలు, ఇద్దరు ఊరి పిల్లలు కలిసిన జట్లు నేను చూసినంతలో బాగా నడిచాయి.

తెల్లవారుజామున ఇటుకలు తిప్పి వచ్చే పిల్లలు పది గంటలకల్లా కునుకుతారు. వారిని లేపి నిలబెట్టకండి, చదవడం రాయడం మధ్యాహ్న భోజనం తర్వాతకు జరపండి.

ఆర్నెల్లు తక్కువ కాలమన్నారు. అటువంటి ఆర్నెల్లు ఆ పిల్లల జీవితంలో ఏటా వస్తాయి, ఏటా కొత్త ఊళ్లో మొదటి అక్షరం నుంచి మొదలవుతాయి. అందుకే వాళ్లు వెళ్లేముందు ఒక్కొక్కరికీ ఒక పేజీ రాయండి. ఎన్ని అంకెల కూడిక చేయగలడు, ఏ భాషలో ఎంతవరకు చదవగలడు, దేనికి ఉత్సాహపడతాడు, చూపు, వినికిడి ఎలా ఉన్నాయి. దానిని ఇంగ్లీషులో గాని హిందీలో గాని రాసి, బడి ముద్ర వేసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి తల్లి చేతికి ఇవ్వండి. పిల్లవాడి సంచిలో పెడితే వానకు తడిసిపోతుంది.